అరకు మన్యమున మూడు దినములు

గడచిన కార్తీకమాసమున మేము అరకులోయకు పోయి వచ్చితిమి. ఆ లోయ యందమును గూర్చి వినని సోదరి మనలో నుండదు. వనభోజనముల కాలమున విశాఖపట్టణము నుండి కదలు బండ్లలో సగము అచటికే పోవునేమో యని తోచును. కాని మేము పోయినది వనభోజనమునకు గాదు. మా మేనకోడలిని ఇంటికి దోడ్కొని వచ్చుటకు.

ఆమె మా పెద్దన్నగారి రెండవ కుమార్తె. ఏ.ఎన్.ఎం. చదువు ముగించి, ప్రభుత్వ ఆరోగ్యశాఖలో కొలువు సంపాదించి, రెండేండ్లుగా అరకు ప్రాంతమున ఒక ఉపకేంద్రములో పనిచేయుచున్నది. పల్లెలలో 'నర్సమ్మ' యని పిలుచు పని యిదియే. గర్భిణీస్త్రీలను పరీక్షించుట, బిడ్డలకు టీకాలు వేయుట, జ్వరము వచ్చిన వారి నెత్తురు చూచుట, ఇల్లిల్లు తిరిగి లెక్కలు వ్రాయుట, ఇవన్నియు ఆమె విధులు. ఉన్నట్లుండి ఆశ్వయుజమాసమున మాకొక జాబు వచ్చినది. "అత్తయ్యా, నాన్నగారితో చెప్పుటకు ధైర్యము చాలకున్నది. నేనీ పని మానుకొనదలచితిని. కారణము జాబులో వ్రాయలేను" అని నాలుగే పంక్తులు.

ఈ మాట ఇంట దెలిసిన పిమ్మట ఒక్కొక్కరు ఒక్కొక్క కారణము చెప్పిరి. కొండలలో ఒంటరిగా నుండలేకపోయెనని మా వదినెగారు, జీతము చాలదేమో యని అన్నగారు, పెండ్లియీడు వచ్చినది గనుక మనసు నిలువదని మా అత్తగారు. ఎవరి మాట యెట్లున్నను ఆమెనే అడిగి తెలిసికొనుట మంచిదని మాకు తోచినది. మావారి బడికి రెండవ శనివారము సెలవు కలిసివచ్చినది. శుక్రవారమునకు మరియొక దినము సెలవు వ్రాసి యిచ్చి వారును మాతో బయలుదేరిరి.

విశాఖపట్టణమున ప్రొద్దున కిరండూలు పోవు బండి నెక్కితిమి. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు జేర్చుటకై 1960ల దశకమున వేసిన మార్గమిది. కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాటువరకు కోతకు వచ్చిన వరిచేలు, తాటితోపులు, మనకు దెలిసిన మైదానపు సీమయే. అటుపిమ్మట బండి కొండనెక్క నారంభించును. ఒక సొరంగము వెలువడగానే లోతైన లోయ, లోయ దాటగానే మరల సొరంగము. మా పెట్టెలోని పిల్లలు చీకటి వచ్చినప్పుడెల్ల కేకలు పెట్టుచు లెక్కించుచుండిరి. మావారు భూగోళము చెప్పు పంతులు గనుక వారును ఆ లెక్కలో జేరిరి. బొర్రా గుహల స్టేషనులో సగము బండి ఖాళీ యైనది. శిమిలిగూడ యొద్ద సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున ఉన్నామని పలకపై వ్రాసియున్నది. చలిగాలి మొగమునకు దగిలినది. కిటికీలోనుండి చూడగా కొండచరియలపై వలిసెపూలు పచ్చని పట్టు పరచినట్లు విరియబూచియున్నవి. వెండి ఓక్ చెట్లకు మిరియపు తీగెలు ప్రాకియున్నవి. వాని నీడను కాఫీ తోటలు.

అరకు స్టేషనులో మా మేనకోడలు ఎదురుచూచుచుండెను. చిక్కినది; కాని కన్నులు తేటగానే యున్నవి. మావారిని జూచి "మామయ్యా, మీకు నడక అలవాటేనా?" యని నవ్వినది. జీపు పోగలిగినంత దూరము జీపులో పోయి, ఆపై గంటసేపు కాలిబాటను నడచితిమి. త్రోవలో ఎదురైన ప్రతి స్త్రీయు ఆమెను నిలిపి ఏదో యొకటి చెప్పుకొనెను. ఒకతె బిడ్డ దద్దురును జూపినది, మరియొకతె కొంగున ముడివేసిన మాత్రలు రోజున కెన్ని వేసికొనవలెనో యడిగినది. ఒంటరితనముచేత పని మానుచున్నదన్న మా వదినెగారి యూహ ఆ దారిలోనే నిలువక పోయినది.

ఉపకేంద్రము రెండు గదుల ఇల్లు. ముందుగదిలో పరీక్షబల్ల, తూనిక యంత్రము, మందుల బీరువా. వెనుకగదిలో ఆమె నివాసము. మైదానమున 5000 మందికి, కొండప్రాంతములలోను గిరిజన సీమలలోను 3000 మందికి ఒక ఉపకేంద్రముండవలెనని నియమము. 3000 అన్నది కాగితముమీద చిన్న సంఖ్యయే. కాని ఆ జనులు పండ్రెండు పదమూడు గూడెములుగా కొండలమీద చెదరియున్నారు. ఒక గూడెమునుండి మరియొక గూడెమునకు పోవుటకు ఒక పూట పట్టును. ఆమె ఈ లెక్క చెప్పుచు వేడివేడి చోడి సంకటి వడ్డించినది. ఆ రాత్రి మేమును ఆమెను ఏమియు అడుగలేదు, తానును చెప్పలేదు.

మరునాడు శనివారము. గూడెములో టీకాల దినము. ఆమెతో మేమును బయలుదేరితిమి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రము నుండి వచ్చిన టీకాల పెట్టె నొక యువకుడు భుజమున మోసికొని ముందు నడచెను. లోపల మంచుగడ్డల పలకల నడుమ సీసాలున్నవి. అవి 2 డిగ్రీలకు తగ్గక, 8 డిగ్రీలకు మించక యుండవలెనట. వేడి తగిలినచో చెడునని మనకు తెలియును గాని, కొన్ని టీకాలు గడ్డకట్టినను చెడునని మాకంతవరకు తెలియదు. ఒక సీసా మంచుపలకకు తగిలియుండెనేమో యని సందేహించి, దానిని, బాగున్న మరియొక దానిని ఆమె కలిపి యూపి ప్రక్కప్రక్కన నిలిపి చూపినది. గడ్డకట్టి కరగినదైనచో మందు త్వరత్వరగా అడుగున పేరుకొనునట. రెండును సమముగా నుండుటచేత నిశ్చింతగా వేసినది. "ఈ పరీక్ష నీకెవరు నేర్పిరి?" అంటిమి. "మా సూపర్‌వైజరమ్మగారు. ఒకసారి చెప్పి, నాచేత పదిసార్లు చేయించిరి" అని గర్వముగా చెప్పినది.

చింతచెట్టు క్రింద చాప పరచి కూర్చున్న మా మేనకోడలిని చూచుచు మేము వింతపడితిమి. ఇంట వంటయింటి పనికే జంకు పిల్ల. ఇక్కడ తల్లి యొడిలో బిడ్డను ఎట్లు పట్టుకొనవలెనో సైగతో జూపి, రెప్పపాటులో సూది వేసి, ఏడ్చు పసివాని బుగ్గ నిమిరి మరియొకరిని పిలుచుచున్నది. చేతికి వచ్చిన పనిలో మనుష్యునకు గలుగు సంతోషము ఆమె మొగమున స్పష్టముగా గానవచ్చెను. పని యిష్టము లేక మానుచున్నదనుటయు నిజము గాదని మాకు తెలిసినది.

ఆమె ప్రక్కనే ఆశా కార్యకర్త కూర్చుండెను. నలువదియేండ్ల కోదు స్త్రీ. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను ప్రారంభమైనప్పుడు ఊరి స్త్రీలలోనుండియే ఎన్నుకొని ఆశా కార్యకర్తలను నియమించిరి. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వీరి నందరను గౌరవించి బహుమానమిచ్చెను. అయినను వీరు ఉద్యోగులుగా గాక స్వచ్ఛంద సేవికలుగానే లెక్కింపబడుచు వచ్చిరి. మా మేనకోడలు తెలుగున చెప్పిన ప్రతి మాటను ఈమె కువి భాషలోనికి మార్చి తల్లులకు చెప్పుచుండెను. ఒకచోట మూడు మాటలు చెప్పినదానికి ఈమె ముప్పది మాటలు చెప్పినది. ఏమనుచున్నావని యడుగగా, "జ్వరము వచ్చునని మీరు చెప్పితిరి. జ్వరము ఎందుకు వచ్చునో, వచ్చినను భయమెందుకు లేదో చెప్పకున్నచో వారు మరల రారు గదమ్మా" అనెను. మా మేనకోడలు మావంక తిరిగి, "చూచితిరా అత్తయ్యా! రెండేండ్లనుండి ఈమె నోటితోనే నేను మాటలాడుచున్నాను. ఇచటికి పంపువారు నాలుగు వారములైనను ఈ భాష నేర్పి పంపియుండిన ఎంత బాగుండెడిది!" అన్నది.

టీకాలు ముగిసిన తరువాత రిజిస్టరు వ్రాయుట. అదియైన పిమ్మట అవే పేర్లు, అవే తేదీలు ఫోనులో నెక్కించుట. గూడెమున సిగ్నలు లేదు గనుక ఎదుటి గుట్ట యెక్కి పంపవలెను. ఆ యెండలో గుట్టమీద నిలిచి ఫోను పైకెత్తి పట్టుకొనిన మా మేనకోడలిని చూచి మావారు, "బడిలో మాకును ఇదే పాట్లు తల్లీ" అని నవ్వి ఊరుకొనిరి.

తిరుగుదారిలో ఆశా కార్యకర్త ఒక గుడిసెకు తీసికొని పోయెను. అక్కడ ఏడుదినముల పసికందు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ నింటికి తెచ్చినపిదప 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆశా కార్యకర్త వచ్చి చూడవలెనని విధి. ఇంటనే పుట్టినచో మొదటి దినమున గూడ. ఆమె చేతులు కడిగికొని, బిడ్డను జోలెలో నుంచి తూచి, గడియారము చూచుచు నిమిషము పూర్తిగా ఊపిరి లెక్కించెను. నిమిషమునకు 60 గాని అంతకుమించి గాని యున్నచో అపాయమని, వెంటనే ఆసుపత్రికి పోవలెనని మాకు వివరించెను. చదువు అయిదవ తరగతి. కాని ఆ చేతులలో తొట్రుపాటు లేదు.

ఈ పద్ధతి యెట్లు పుట్టినదో మన సోదరీమణులు తెలిసికొనదగినది. తెలంగాణమునకు ప్రాణహిత యావలి గట్టున, మహారాష్ట్రములో, గడ్చిరోలి యను అడవిజిల్లా కలదు. అచట అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు 1990ల దశకమున పల్లెస్త్రీలను ఎన్నుకొని పసికందులను పరీక్షించుట, ఊపిరి అందని బిడ్డకు ఊపిరి పోయుట, రోగలక్షణములు గుర్తించుట స్వహస్తములతో చేయించి నేర్పిరి. శిక్షణ యిచ్చి వదలివేయక, మరల మరల వచ్చి పని చూచి దిద్దిరి. 1999లో ప్రకటించిన ఫలితములనుబట్టి, ఆ పల్లెలలో నెలలోపు శిశుమరణములు పొరుగు పల్లెలతో బోల్చగా 62 శాతము తగ్గినవి. కొత్తగా పెద్ద ఆసుపత్రి కట్టలేదు. పల్లెస్త్రీ చేతికి నేర్పు కలిగించిరి, ఆ నేర్పును వాడుకొనుటకు పనిముట్లిచ్చిరి, ఆమె వెనుక నిలిచిరి.

ఆ సాయంకాలము ఉపకేంద్రపు అరుగుమీద కూర్చున్నప్పుడు మా మేనకోడలు తనంతట తానే చెప్పసాగెను.

"అత్తయ్యా, భాద్రపదమాసపు వానలలో ఒక గర్భిణికి రాత్రివేళ నొప్పులు వచ్చినవి. డోలీ కట్టి రోడ్డువరకు మోసికొని రావలెననుకొనిరి. వాగు పొంగినది. నేనును ఆశా అక్కయును గూడెమునకు చేరుసరికి కానుపైనది. బిడ్డ బాగున్నది. మాయ పడినది. కాని నెత్తురు ఆగలేదు. గర్భాశయము ముడుచుకొనుటకు సూది వేయవలెనని తెలియును, వేసితిని. పొట్టమీద చేయి నుంచి గర్భాశయము గట్టిపడువరకు మర్దించవలెనని పుస్తకములో చదివితిని, పరీక్షలో వ్రాసితిని, మార్కులును వచ్చినవి. కాని నా చేతితో ఎన్నడును చేసినదానను గాను. మేము చదివినచోట ఒక ప్రసవము జరిగిన ఇరువదిమంది గుమిగూడి చూచువారము. నేను పొట్టిదానను, వెనుకవరుసలో నుండి ముందువారి తలలు చూచితిని. ఆ రాత్రి నా చేయి ఎచట నుంచవలెనో, ఎంత గట్టిగా నొక్కవలెనో నాకు తెలియలేదు. చేతులు వణకినవి. ఆశా అక్క నన్ను ప్రక్కకు జరిపి, తానే చేయి వేసినది. పూర్వము ఇచటనున్న ముసలి నర్సమ్మ చేయగా చూచినదట. కొంతసేపటికి నెత్తురు తగ్గినది. తెల్లవారి డోలీలో రోడ్డునకు చేర్చితిమి, 108 బండి ఆసుపత్రికి తీసికొని పోయినది. ఆ తల్లి బ్రదికినది. నావలన మాత్రము గాదు."

కొంతసేపు మేమేమియు పలుకలేకపోతిమి. తరువాత మావారు మెల్లగా, "శిక్షణలకు పిలువరా యమ్మా?" అని యడిగిరి.

"పిలువకేమి మామయ్యా! ఈ యేడాది అయిదుమారులు పోతిని. రెండుమారులు ఫోనులో కొత్త గడులు నింపుటెట్లో చెప్పిరి. ఒకమారు కొత్త రిజిస్టరు. మిగిలినవి ఉపన్యాసములు. పోయి సంతకము చేసి, భోజనము చేసి వచ్చితిమి. నాకు ఏది రాదో, ఏది కావలెనో ఎవరును అడుగలేదు. ప్రసవములో నైపుణ్యమునకై 21 దినముల శిక్షణ ప్రభుత్వపు ఏర్పాటులోనే కలదు. పెద్దాసుపత్రి ప్రసవపుగదిలో నుండి, పెద్దల కనుసన్నలలో మన చేతులతో చేసి నేర్చుకొనుట. పోవుదునని రెండుమారులు అడిగితిని. 21 దినములు కేంద్రము మూసిన లెక్కలెవరు పంపుదురనిరి. జీతము, చలి, నడక, ఇవి నేను భరింపగలను అత్తయ్యా. నన్ను జూచి ధైర్యము తెచ్చుకొను ఆ తల్లుల కన్నులను భరింపలేకున్నాను. నేర్వని చేతులతో నర్సమ్మ ననిపించుకొనుట కంటె ఇంటికి వచ్చి కూర్చుండుట మేలు గదా!"

మాకు చిన్ననాట మా తండ్రిగారు చదివి వినిపించిన ద్రోణపర్వము జ్ఞప్తికి వచ్చినది. పద్మవ్యూహము చొచ్చుట యెరిగి వెలువడుట యెరుగని అభిమన్యుని పెద్దలు ముందు నడువుమనిరి. నీ వెనుకనే మేము వత్తుమనిరి. రాదలచియు రాలేకపోయిరి. ఆ బాలుని ధైర్యమున లోపమేమియు లేదు. లోపము సగముతో నిలిచిన చదువుది. ఆ సంగతి తెలిసియు పంపిన వారిది. పొంగిన వాగునకు ఈవల మా మేనకోడలి వెనుక వత్తుమన్నవారు ఎందరున్నను, ఆవల ఆ రాత్రి ఆమె యొక్కతెయే.

అన్నగారి మాట ప్రకారము ఆమె పెట్టె సర్దించి తెచ్చుటయే మా పని. కాని మాకు నోరు రాలేదు. ఆమె మానినచో ఆ మూడువేలమందికి కొంతకాలము ఎవరును ఉండరు. పిదప వచ్చునది మరియొక నేర్వని పిల్ల. "రేపు మీ సూపర్‌వైజరమ్మగారిని చూడవచ్చునా?" అని మాత్రము అడిగితిమి.

ఆదివారమైనను ఆ సూపర్‌వైజరుగారు ఆరోగ్యకేంద్రపు ప్రక్కనున్న తమ ఇంట మమ్ము ఆదరముతో కూర్చుండబెట్టిరి. ముప్పదియేండ్లకు మించి కొండలలో తిరిగినవారు. మేము సంగతి చెప్పగా వారాశ్చర్యపడలేదు. "మా పని మొదట ప్రసవములు చేయుటకే పుట్టినదమ్మా. 1973లో కర్తార్ సింగ్ కమిటీవారు బహువిధ కార్యకర్తలుండవలెననిరి. ఆపై కుటుంబ నియంత్రణ, టీకాలు, మలేరియా, లెక్కలు, అన్నియు మా నెత్తిమీదికి వచ్చినవి. పని పెరుగుచుండగా 1977లో రెండేండ్ల చదువును 18 నెలలు చేసిరి! తరువాత మరల రెండేండ్లు చేసిరి గాని, ఈ నడుమ ప్రసవపు నేర్పు ఎందరి చేతులలోనో సన్నగిల్లినది. ఆసుపత్రి ప్రసవములు పెరుగుట మేలే. కాని వాగు పొంగిన రాత్రి ఆసుపత్రి గూడెమునకు రాదు గదా!"

మేము చరకసంహితలోని మాటను వారితో ప్రస్తావించితిమి. ఆ గ్రంథమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పిరి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఆ పరిచారకునకు నాలుగు గుణములు: పరిచర్య తెలియుట, దక్షత, తాను సేవించు వారియందు అనురాగము, శుచిత్వము. వారు నవ్వి, "అనురాగము లేదని మమ్ము అందరును నిందింతురు. దక్షత మాట ఎవరును ఎత్తరు. చేత నైన పనిమీదనే అనురాగము నిలుచును. చేతగాని పనికి పంపిన, ఎంత మంచి పిల్లయైనను కసురుకొనుట నేర్చుకొనును. ఆ కసురు వెనుక నుండునది భయమే" అనిరి.

ఆ మాట మాకు సూదివలె నాటినది. మా ఊర మా ఇంటికి వచ్చు నర్సమ్మ కసరుగా మాటలాడునని మేమెన్నిమారులు ఆడిపోసికొన్నామో! ఎర్రని యెండలో వచ్చి గుమ్మమున నిలిచి పేర్లు వ్రాసికొనిపోవు ఆమెను ఒక్కనాడైనను కూర్చుండుమని అనలేదు. మంచినీళ్లు ఇచ్చినట్లును జ్ఞాపకము లేదు. ఆమెకును ఎచ్చటనో ఒక పొంగిన వాగు ఉండియుండునని మాకు తోచలేదు.

సూపర్‌వైజరుగారు ఆలోచించి ఒక యుపాయము చెప్పిరి. పొరుగు ఉపకేంద్రపు నర్సమ్మ వారమునకు రెండుదినములు, తామొక దినము ఈ గూడెములు చూచుదుమని వ్రాసియిచ్చినచో, కేంద్రము మూతపడునను ఆక్షేపణకు తావుండదు. మా మేనకోడలు అక్కడనే కూర్చుండి అర్జీ వ్రాసెను. మావారు అలవాటు చొప్పున భాష దిద్దబోగా మేమే వారించితిమి. "ప్రసవానంతరము నెత్తురు ఆపుట నాకు చేత రాదు. నేర్పింపుడు" అని ఆమె వ్రాసిన రెండు వాక్యములకంటె మంచి భాష ఏముండును? తనకు రాదని పైవారికి వ్రాసి సంతకము చేయుట ఎంత కష్టమో, అందు ఎంత నిజాయితీ యున్నదో బడిపంతులు ఇంట నుండు మాకు తెలియును. సూపర్‌వైజరుగారు క్రింద తమ సిఫారసు వ్రాసి సంతకము చేసిరి.

తిరిగి బండి యెక్కునప్పుడు పెట్టె మాది మాత్రమే. "సంక్రాంతివరకు చూచెదను అత్తయ్యా. పిలుపు వచ్చినచో నేర్చుకొని ఇచటనే యుందును. రాకున్న మరల అడుగుదును. మూడవమారు గూడ రాదనిన అప్పుడు ఆలోచింతము" అని మా మేనకోడలు చెప్పినది. ఆశా కార్యకర్త గంప నిండ సీతాఫలములు తెచ్చి యిచ్చి, "పిల్లను తీసికొని పోవుదురేమో యని రెండునాళ్లు నిద్రలేదమ్మా" అనెను. ఆ రాత్రి తానే చేయి వేసి కాపాడినది గదా, ఈ పిల్ల యెందులకని మేము అడుగకపోలేదు. "నేను చూచి నేర్చినది అదొక్కటే. ఈమెకు మిగిలినదంతయు తెలియును. ఆ యొక్కటియు నేర్చిన, నేను ఇంట నిశ్చింతగా పండుకొందును" అని యామె బదులు.

ఇంటికి వచ్చి అన్నగారికి జరిగినదంతయు చెప్పితిమి. వారు మొదట కోపపడి, తరువాత చాలసేపు ఊరకుండి, "ఆ 21 దినములకు ఆసుపత్రి దగ్గర బస దొరకునా?" అని యడిగిరి. ఆ ప్రశ్నతోనే మాకు వారి సమ్మతి తెలిసినది.

సోదరీమణులారా! ఈ వ్రాత వ్రాయునాటికి ఆ అర్జీకి బదులు రాలేదు. కాని దానికై ఎదురుచూచునది మా మేనకోడలు ఒక్కతెయే కాదని మా నమ్మకము. కొలువులోనున్న వారికి సంతృప్తి కలదా యని విచారించువారు జీతము, సెలవులు, బదిలీలు అడుగుదురు. అవియు అడుగవలసినవే. వానితోబాటు, నీకు ఏది రాదని భయపడుచున్నావని కూడ అడుగవలెను. అడిగిన పిదప అది నేర్పవలెను. మనము ఆజ్ఞలిచ్చువారము గాము. అయినను గ్రామసభలో మాట చెప్పగలము. ఆరోగ్యకేంద్రపు కమిటీలలో మన ఊరి స్త్రీలున్నచో వారిచేత అడిగించగలము. అన్నింటికంటె ముందు, రేపు నర్సమ్మ గుమ్మమునకు వచ్చినప్పుడు పీట వేయగలము. మేము వేసితిమి. ఆమె కూర్చుండి, మంచినీళ్లు త్రాగి, మొదటిసారి మా పేరుగాక మా యోగక్షేమములు అడిగినది. మేమును ఆమెవి అడిగితిమి.